మిన్నీ బేలో వెనుకడుగు

గత జనవరి మాసంలో మన సంస్థ పనిమీద అండమాన్ దీవులకు వెళ్ళే అవకాశం నాకు కలిగింది. పని నాలుగు రోజులది. ఓడ టిక్కెట్టు దొరకడంలో జాప్యం వల్ల మరి మూడు రోజులు అక్కడే ఉండవలసివచ్చింది. విశాఖపట్నం నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు సముద్రం మీద సుమారు 1200 కిలోమీటర్లు. ఓడలో దాదాపు రెండున్నర రోజుల ప్రయాణం. 2024 సెప్టెంబరులో ఆ పట్టణానికి శ్రీ విజయ పురం అని పేరు మార్చారు గాని, స్థానికుల నోట ఇంకా పాత పేరే వినిపిస్తున్నది. సెల్యులార్ జైలును గూర్చి, చాతం దీవిలో 1883 నాటి రంపపు కర్మాగారాన్ని గూర్చి యాత్రికులందరూ రాస్తూనే ఉన్నారు. నేను రాయబోయేది యాత్రికులెవరూ వెళ్ళని ఒక మూల గురించి, అక్కడ నాకు జరిగిన పరాభవం గురించి.

పోర్ట్ బ్లెయిర్ ఓడరేవు ఒక్క రేవు కాదు. తూర్పున రాస్ దీవి (2018 నుంచి నేతాజీ సుభాష్ చంద్ర బోస్ ద్వీపం) కాపలాగా నిలబడి ఉండగా, దాని వెనుక సముద్రం పట్టణంలోకి చేతివేళ్ళవలె పాయలు పాయలుగా చొచ్చుకొనిపోయింది. ఫీనిక్స్ బే, హాడో, చాతం, జంగ్లీఘాట్ అన్నీ ఈ నీటి ఒడ్డు ఊళ్ళే. మిన్నీ బే ఆ లోపలి పాయలలో ఒకటి. నౌకాదళ ఆసుపత్రి ధన్వంతరి ఈ ప్రాంతంలోనే ఉన్నది. బయటి సముద్రం ఎంత ఉధృతంగా ఉన్నా ఇక్కడ నీరు పళ్ళెంలో పోసినట్లు ఉంటుంది. ఒడ్డున కొబ్బరిచెట్లు, ఆ వెనుక తడి పచ్చదనంతో గుట్టలు, అప్పుడప్పుడు ఒక డుంగీ ఇంజను చప్పుడు, అంతే. డుంగీ అంటే అక్కడివారు వాడే కొయ్య పడవ.

నా కళాశాల సహాధ్యాయి ఒకడు నౌకాదళంలో ఇంజనీరుగా పనిచేసి, విరమణానంతరం ఈ దీవులలోనే స్థిరపడ్డాడు. ఇరవై ఎనిమిది అడుగుల పాత తెరచాప పడవను కొని, రెండేళ్ళు శ్రమపడి బాగుచేసుకున్నాడు. ఫైబర్‌గ్లాసు దేహం, మూడున్నర టన్నుల బరువు, గాలి లేనప్పుడు నడవడానికి ఒక చిన్న డీజిల్ ఇంజను. విదేశాలలో ఇటువంటి పడవలను నిలుపుకోవడానికి మెరీనాలుంటాయి. మన బస్ స్టేషనులో ప్లాట్‌ఫారాల వలె ఒక్కొక్క పడవకు ఒక్కొక్క గడి. మన దేశంలో కొచ్చి బోల్గట్టి దీవిలో అటువంటిది ఒకటి ఉన్నది. అండమానులకు వచ్చే విదేశీ పడవలు రేడియోలో రేవు అధికారులకు చెప్పుకొని, నీటి మధ్యనే లంగరు వేసుకుంటాయి. మా వాడి పడవకు మాత్రం ఒక చిన్న జెట్టీ పక్కన గడి వంటి సందు ఒకటి దొరికింది. కుడి పక్క జెట్టీ, ఎడమ పక్క ఒక డుంగీ, ముందర ఒడ్డు. వెడల్పు పన్నెండడుగులకు మించదు. అందులో తొమ్మిదడుగుల పైచిలుకు వెడల్పున్న పడవ, ముక్కు ఒడ్డువైపు పెట్టి, ఇరుక్కొని ఉన్నది. బయటికి రావాలంటే వెనక్కి రావడం తప్ప దారిలేదు.

“రేపు పొద్దున్న వైపర్ దీవిదాకా పోయివద్దాం. బయటికి నువ్వే తియ్యి,” అన్నాడు మా వాడు. నేను యాంత్రిక శాస్త్ర పట్టభద్రుణ్ణి. ముప్ఫై ఏళ్ళుగా పంపులు, షాఫ్టులు, ఇంపెల్లర్ల మధ్య బ్రతికినవాణ్ణి. ఆ రాత్రి భోజనాల దగ్గర, పడవ వెనక్కి నడిచేటప్పుడు ఏమవుతుందో నేనే మా వాడికి కాగితం మీద బొమ్మ గీసి వివరించాను. అతడు చిరునవ్వుతో విన్నాడు. ఆ నవ్వుకు అర్థం నాకు మర్నాడు తెలిసింది.

కాగితం మీది సంగతి పాఠకులకూ చెప్పడం అవసరం. కారును వెనక్కి నడిపేటప్పుడు స్టీరింగు తిప్పిన మరుక్షణం చక్రాలు నేలను పట్టుకొని మాట వింటాయి. పడవకు నేల లేదు. చుక్కాని పనిచేయాలంటే దానిమీదుగా నీరు ప్రవహించాలి. ముందుకు పోయేటప్పుడు చుక్కానికి ముందరే ఉన్న ప్రొపెల్లర్ నీటిని దానిమీదికే చిమ్ముతుంది. కనుక పడవ కదలక ముందే చుక్కాని మాట వింటుంది. వెనుక గేరు వేసినప్పుడు ఆ జోరంతా ముందుకు, పడవ అడుగు కిందికి పోతుంది. చుక్కానికి దక్కేది శూన్యం. పడవ తానుగా వెనక్కి కొంత వేగం అందుకొనేదాకా దాన్ని ఎటు తిప్పినా ఒక్కటే.

చుక్కాని నిద్రలో ఉన్న ఆ కొద్ది క్షణాలలోనే ప్రొపెల్లర్ మరొక చేష్ట చేస్తుంది. మా వాడి పడవది కుడివాటపు ప్రొపెల్లర్. అంటే ముందుకు పోయేటప్పుడు, వెనుక నుంచి చూసేవారికి గడియారం ముల్లు దిశలో తిరిగేది. వెనుక గేరులో అది ఎదురు తిరుగుతుంది. అప్పుడు ముందుకు తోసిన నీరు సుళ్ళు తిరుగుతూ పడవ అడుగు భాగపు కుడి చెంపను కొట్టి పైకి లేస్తుంది. ఆ తాకిడికి పడవ వెనుక భాగం ఎడమకు జరుగుతుంది. షాఫ్టు ఏటవాలుగా ఉంటే ఈ పక్కతోపు మరింత హెచ్చు. షాఫ్టు నీటికి సమాంతరంగా ఉండే కొత్తరకం అమరికలలో ఇది తక్కువ. ఇంజనుకు ఎంత గట్టిగా ఆజ్ఞ ఇస్తే అంత గట్టిగా పక్కకు లాగుతుందన్నమాట. ఇదంతా నాకు తెలుసు. తెలిసి కూడా ఏమి చేశానో వినండి.

ఉదయం ఏడు గంటలకు పోటు నిండుగా ఉన్నది. శీతకాలపు ఈశాన్య గాలి జెట్టీ మీదుగా మెల్లగా వీస్తూ పడవను డుంగీ వైపుకే నెడుతున్నది. డుంగీలో యాభై ఏళ్ళ మనిషి ఒకరు వల సర్దుకుంటున్నాడు. పక్కన పద్నాలుగేళ్ళ కుర్రవాడు. నేను చుక్కాని పిడి పట్టుకొని, తాళ్ళు విప్పమని, వెనుక గేరు వేశాను. పడవ గజం దూరం కదిలింది. కదులుతూనే వెనుక భాగం ఎడమకు తిరగసాగింది. గాలి ఒక పక్క, ప్రొపెల్లర్ ఒక పక్క. పిడిని పూర్తిగా ఎడమకు నెట్టాను. ఫలితం లేదు. అప్పుడు, ముప్ఫై ఏళ్ళ అనుభవమున్న ఇంజనీరు చేయకూడని పని చేశాను. ఇంజను వేగం పెంచాను.

పడవ వెనుక భాగం నేరుగా డుంగీ మీదికి పోయింది. అదే క్షణంలో వెనక్కి వచ్చే నీరు చుక్కాని పలకను అందుకున్నది. వెనక్కి పోయేటప్పుడు చుక్కాని తిరగేసిన తలుపు వంటిది. నీరు దాని అంచును పట్టుకుంటే ఒక్క ఊపున బారుగా తెరుస్తుంది. పిడి నా చేతిలోంచి ఊడి పక్కటెముకలకు తగిలింది. డుంగీలోని కుర్రవాడు మా పడవను ఆపడానికి తన పడవ అంచు మీదుగా కాలు చాచాడు.

“కాలు తియ్యరా!” అని తండ్రి పెట్టిన కేక ఆ గుట్టలన్నిటికీ వినిపించి ఉంటుంది. కుర్రవాడు కాలు వెనక్కి లాక్కున్నాడు. మా వాడు వచ్చి గేరు న్యూట్రల్‌కు తెచ్చి, వెంటనే ముందు గేరు వేశాడు. రెండు పడవల మధ్య రబ్బరు ఫెండర్ ఒకటి నలిగి కీచుమన్నది. డుంగీ అంచున జానెడు మేర నీలిరంగు లేచిపోయి కొయ్య తెల్లగా బయటపడింది.

తరువాత చేతులు వణుకుతుండగానే లెక్క వేశాను. మా వృత్తి జబ్బు అది. మూడున్నర టన్నుల పడవ సెకనుకు అర మీటరు వేగంతో పోతున్నదనుకుంటే, అందులోని గతిశక్తి, 50 కిలోల సిమెంటు బస్తాను తొంభై సెంటీమీటర్ల ఎత్తునుంచి పడవేసినదానికి సమానం. సెకనుకు అర మీటరంటే మనిషి నడిచే వేగంలో మూడోవంతు. చూడటానికి పడవ కదులుతున్నట్టే ఉండదు. అందుకే కాళ్ళూ చేతులూ అడ్డుపెట్టాలని బుద్ధి పుడుతుంది. ఆ బస్తా ఆ పిల్లవాడి మోకాలి మీద పడి ఉండేది.

నేను డుంగీలోకి దిగి తండ్రికి క్షమాపణ చెప్పుకోబోయాను. ఏ భాషలో చెప్పాలో తోచక హిందీలో మొదలుపెట్టాను. ఆయన తెలుగులో సమాధానం చెప్పాడు.

“ఏ ఊరయ్యా మీది?” అన్నాను ఆశ్చర్యంతో.

“మా తాత భీమునిపట్నం కాడనుంచి వచ్చినాడు బాబూ. నేను ఇక్కడే పుట్టినాను, జంగ్లీఘాట్‌లో.”

ఆశ్చర్యపోవలసిన పనిలేదు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవులలో సుమారు నూటికి పదముగ్గురు తెలుగు మాట్లాడేవారు. వారిలో శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వచ్చిన మత్స్యకార కుటుంబాలు ఎన్నో. జంగ్లీఘాట్ చేపల రేవులో నిలబడితే కళ్ళు మూసుకొని మన తీరమే అనుకోవచ్చు. మధ్యమధ్య హిందీ మాటలు దొర్లినా, పడవ ముక్కును ఆయన ‘అణియం’ అన్నాడు, వెనుక భాగాన్ని ‘అమరం’ అన్నాడు. ఈ రెండు మాటలు నేను నిఘంటువులో చూచినవే గాని, బ్రతికున్న మనిషి నోట వినడం అదే ప్రథమం. ఇకమీదట నేనూ అవే వాడతాను.

“ఇంజను మీద కోపం ఎందుకు బాబూ, తాడుంది కదా?” అన్నాడాయన.

ఆయన డుంగీకి వెనుక గేరే లేదు. ముందుకు తప్ప తిరగని ఇంజను. అయినా దాన్ని రోజూ ఈ సందులోంచి తీస్తాడు, పెడతాడు. మా పడవలోకి ఎక్కి మోకు ఒకటి అడిగి తీసుకున్నాడు. దాని ఒక కొసను మా పడవ అమరం దగ్గర కుడివైపు కట్టాడు. రెండో కొసను జెట్టీ చిట్టచివరి గుంజ చుట్టూ తిప్పి మళ్ళీ పడవలోకే తెచ్చుకున్నాడు. ఆ గుంజ మా అమరానికి ఒక పడవ పొడుగు వెనకాల, కుడివైపు జెట్టీ కొనన ఉన్నది. ఇంజను ఊరికే తిరగనిచ్చాడు, గేరు వేయలేదు. గట్టిగా తన్ని పట్టుకొని తాడు లాగాడు. ఒక లాగు, రెండో లాగు, మూడో లాగు. మూడున్నర టన్నుల పడవ దూడలా ఆయన వెంట కదిలింది. వెనక్కే కదిలింది, గాలి ఎడమకు నెడుతున్నా, తాడు గుంజ వైపుకు లాగుతుండడంతో అమరం జెట్టీనే అంటిపెట్టుకొని వచ్చింది.

ఇందులోని ఇంజనీరింగు నాకు అప్పుడు తట్టింది. ప్రొపెల్లర్ తిరగడం లేదు కనుక పక్కతోపు లేదు. పడవకు వేగం తాడు ఇచ్చింది. పడవ కదిలింది కనుక చుక్కాని మేలుకున్నది. అంటే ఇంజనును పిలిచేసరికే పడవ మన మాట వినే స్థితిలో ఉన్నది. నేను మొట్టమొదట వాడిన బలాన్ని ఆయన చిట్టచివర వాడాడు.

“ఇప్పుడు పిడి గట్టిగా పట్టుకోండి. కొంచెమే తిప్పండి,” అన్నాడు. పట్టుకున్నాను. ఈసారి పిడిలో నీటి బరువు చేతికి తెలిసింది, గాలిపటం దారంలో గాలి తెలిసినట్లు. అమరం చివరి గుంజను దాటగానే మోకు ఒక కొస వదిలి, రెండో కొసతో చకచకా లోపలికి లాగేశాడు. ఆ తాడు నీటిలో మిగిలి ప్రొపెల్లర్‌కు చుట్టుకుంటే ఇక ఆ పూట ప్రయాణం అంతేనని మా వాడు చెప్పాడు. ఆ తరువాత వెనుక గేరు ఒక్క క్షణం వేయమన్నారు. అమరం ఎడమకు జరిగింది, అణియం కుడికి తిరిగింది. మేము పోవలసినది కుడివైపే. ఇంతకుముందు శత్రువైన పక్కతోపు ఇప్పుడు చుట్టమై పడవను తిప్పిపెట్టింది. ఆయన డుంగీలోకి దిగిపోయాడు. మేము బయటపడ్డాము.

తెరచాపలు ఎత్తి వైపర్ దీవి వైపు పోతున్నప్పుడు ప్రయాణం హాయిగానే సాగింది గాని, నా మనసు ఆ కుర్రవాడి కాలు దగ్గరే ఉండిపోయింది. నన్ను ఓదార్చడానికో ఏమో మా వాడు తారిణి సంగతి ఎత్తాడు. 2017 సెప్టెంబరు నుంచి 2018 మే వరకు ఆరుగురు మహిళా నౌకాదళ అధికారులు ‘తారిణి’ అనే తెరచాప నౌకలో భూగోళాన్ని చుట్టివచ్చారు. వారిలో విశాఖపట్నానికి చెందిన పి. స్వాతి, హైదరాబాదుకు చెందిన బి. ఐశ్వర్య మన తెలుగువారు. యాభై అయిదు అడుగుల పడవ, 254 రోజులు, 21,600 నాటికల్ మైళ్ళు. “మహాసముద్రంలో నాలుగు వైపులా చోటు ఉంటుందోయ్. తగలడానికి ఏమీ ఉండదు. ఫ్రీమాంటిల్‌లోనూ లిటిల్‌టన్‌లోనూ రేవులోకి పోయి, మళ్ళీ బయటికి రావాలి చూడు, అక్కడ కావాలి ఒళ్ళు దగ్గర పెట్టుకోవడం,” అన్నాడు. హుస్సేన్ సాగర్‌లో పడవ పందేలు చూసినవారికి మరొక విద్య తెలిసి ఉంటుంది: తెరచాప బొంగును చేత్తో గాలికి ఎదురు నెట్టి పట్టుకుంటే చిన్న పడవ ఇంజను లేకుండానే వెనక్కి నడుస్తుంది. పన్నెండడుగుల సందులో, మూడున్నర టన్నులతో అది చేసి చూపమని మా వాణ్ణి అడిగాను. మాట మార్చాడు.

వైపర్ దీవి మీది ఉరికొయ్యల మండపం దూరంనుంచే కనబడింది. 1872 ఫిబ్రవరిలో వైస్రాయి లార్డ్ మేయోను హోప్‌టౌన్ జెట్టీ మీద, ఆయన పడవ ఎక్కబోతుండగా పొడిచి చంపిన షేర్ అలీని ఆ మార్చిలో ఉరితీసినది ఈ దీవిలోనే. దీవిలో మేము ఎక్కువసేపు నిలవలేదు.

సాయంకాలం తిరిగివచ్చేసరికి తండ్రీకొడుకులు జెట్టీ మీద కూర్చొని ఉన్నారు. పోటు ఇంకా నిండలేదు, పొద్దున్న నీటిలో మునిగి ఉన్న రెండు మెట్లు బయటే ఉన్నాయి. ఆ మెట్లను చూపి ఆయన ఒక సంగతి చెప్పాడు. తన చిన్నతనంలో నిండు పోటులోనూ ఆ మెట్లు మునిగేవి కావట. 2004 డిసెంబరు 26 ఉదయం 6 గంటల 29 నిమిషాలకు వచ్చిన భూకంపంలో పోర్ట్ బ్లెయిర్ ప్రాంతం సుమారు ఒక మీటరు కుంగిపోయింది. సిప్పీఘాట్ వైపు పొలాలలోకి ఉప్పునీరు వచ్చి నిలిచిపోయింది. జెట్టీలు ఉన్నచోటే ఉన్నాయి, సముద్రమే పైకి వచ్చింది.

“ఆ పొద్దు మా నాన్న పడవ ఇలాగే ఉంది బాబూ. అణియం లోపలికి, అటూ ఇటూ పడవలు. భూమి ఊగినాక సముద్రం వస్తాదని ఎవరో అరిచినారు. లోతుకు పోతే పడవ బ్రతుకుతాది. మా నాన్న తాడు విప్పి ఎనక్కి లాగుతున్నాడు. అందరూ ఒక్కసారే లాగుతున్నారు. ఒకరికొకరు అడ్డం. నీళ్ళొచ్చి పడవల్ని పడవల మీదికి ఎక్కించేసినాయి. నాన్న గట్టెక్కినాడు. పడవ పుల్లలైపోయింది.”

కాసేపటికి మళ్ళీ ఆయనే అన్నాడు. “అప్పటినుంచి నేను అణియం బయటికి పెట్టే కడతా. ఎనక్కి తిప్పే పని ఉంటే అది సాయంత్రం చేసుకోవాల, తీరిగ్గా. పొద్దున్న చేసుకోకూడదు.”

ఆయన డుంగీ వంక అప్పుడు సరిగ్గా చూశాను. నిజమే, అణియం బయటికే ఉన్నది. పొద్దుటినుంచి నా కళ్ళెదుటే ఉన్న విషయం.

మా వాడు, నేను ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాము. పడవను మళ్ళీ నీటి నడుమకు తీసుకుపోయి, తిప్పి, అమరం ముందుగా సందులోకి తేవడానికి సిద్ధపడ్డాము. అప్పుడు గాని నాకు పూర్తి లెక్క అర్థం కాలేదు. పడవ అటు తిరిగింది కనుక ఇప్పుడు జెట్టీ మాకు ఎడమవైపు. వెనుక గేరులో ప్రొపెల్లర్ అమరాన్ని లాగేది కూడా ఎడమకే. గాలి మమ్మల్ని జెట్టీనుంచి దూరంగా నెడుతుంటే ప్రొపెల్లర్ జెట్టీ వైపుకు దగ్గర చేర్చింది. పొద్దున్న రెండూ ఒక పక్షం చేరి నన్ను ఓడించినవే. సాయంత్రం ఒకదాన్ని మరొకటి అదుపులో పెట్టాయి. అదే పడవ, అదే సందు, అదే గాలి. మర్నాడు బయలుదేరేటప్పుడు ముందు గేరు వేస్తే చాలు, చుక్కాని వెంటనే పలుకుతుంది. కాగితం మీద గీసిన బొమ్మలో ఇది కూడా ఉన్నది. కాగితాన్ని తిప్పి చూడాలని నాకు తోచలేదు, అంతే.

పిడి నా చేతిలోనే ఉన్నది. ఇంజను వేగం పెంచలేదు. ఒక్కొక్క క్షణం గేరు వేయడం, తీసివేయడం, పడవ తన ఊపున తాను రావడం, ఇలా పావుగంట పట్టింది. కుర్రవాడు జెట్టీ మీదినుంచి తాడు అందుకొని గుంజకు చుట్టాడు. కాలు ఎక్కడా చాచలేదు. తండ్రి వాడి వంకే చూస్తున్నాడు.

గీసుకుపోయిన అంచుకు డబ్బు ఇవ్వబోతే ఆయన తీసుకోలేదు. మరీ బలవంతం చేసిన మీదట, “రంగు డబ్బా ఒకటి తెండి బాబూ, నీలం,” అన్నాడు. మర్నాడు అబర్డీన్ బజారులో మూడు దుకాణాలు తిరిగాను. ఆ డుంగీ నీలం ఏ డబ్బాలోనూ సరిగ్గా కుదరలేదు. ఎండకు, ఉప్పుకు వెలిసిన నీలం అది. దగ్గరగా ఉన్నదాన్ని కొని, కుంచెతో సహా తీసుకుపోయాను. తండ్రి చేపల వేటకు పోయాడు. డుంగీ లేని ఆ సందు చాలా వెడల్పుగా కనబడింది. డబ్బాను జెట్టీ చివరి గుంజ దగ్గర పెట్టి, ఎండకు వేడెక్కకుండా పైన ఒక కొబ్బరిమట్ట కప్పి వచ్చాను. ఆ రాత్రికే నా ఓడ.